ఇంధనపు గడ్డిపైరులు: మేలురకములను పుట్టించు విధమును, నాటుటకు ముందు రైతులు యోచింపవలసిన సంగతులును

గడ్డి యనగా పశువుల మేతయనియో, పొలములోని కలుపనియో, గుడిసె కప్పునకు పనికివచ్చునదనియో మన రైతులు తలంతురు. అట్టి గడ్డిని ఇంధనముగా అమ్ముటకై ప్రత్యేకముగా పైరుచేయు పద్ధతి యొకటి కలదు. 1973వ సంవత్సరమున పెట్రోలు వెల హఠాత్తుగా పెరిగిన పిమ్మట, గనులనుండి గాక నేలనుండి ఏటేట పండు ఇంధనము దొరకునాయని అమెరికా, ఐరోపా ఖండములలోని ప్రభుత్వములు వెదకసాగినవి. ఆ వెదకులాటలోనుండి పుట్టినవే ఈ పైరులు.

ఈ సంగతి మనకు దూరపుది కాదు. సేంద్రియ పదార్థములను మురుగబెట్టి తీసిన వాయువును శుద్ధిచేసి, ఒత్తి నింపి, మోటారుబండ్లకు ఇంధనముగా అమ్ముటను ప్రోత్సహించుటకై భారత ప్రభుత్వమువారు 2018వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ‘సతత్’ అను పథకమును ప్రారంభించిరి. 2025వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఆంధ్రప్రదేశములోని ప్రకాశం జిల్లాయందు ఇట్టి వాయువును తీయు రిలయన్సు సంస్థవారి కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. బీడుభూములలో నేపియరు గడ్డిని పెంచి దానికి ముడిసరకుగా వాడుట అందలి యుద్దేశము. కావున గడ్డి పెంచి యిచ్చెదరాయనియో, భూమిని కౌలుకిచ్చెదరాయనియో రైతును అడుగువారు వచ్చు కాలమిది. అట్టి వారికి ఉత్తరము చెప్పుటకు ముందు తెలిసికొనదగిన విషయములను ఈ కరపత్రమున వివరింతుము.

మొదటనే చెప్పదగిన మాట యొకటి కలదు. వరి రకము మంచిది కాకున్న రైతు వచ్చు కారునకు దానిని మార్చుకొనగలడు. ఒకయేటి నష్టముతో తప్పు తీరిపోవును. ఒకసారి నాటి అనేక సంవత్సరములు కోయు గడ్డి విషయమున అట్లు కాదు. ఏ రకమును, ఏ పనికొఱకు, ఏ నేలలో, ఎవనికి అమ్ముటకై నాటితిమో ఆ నిర్ణయముయొక్క ఫలమును ఏండ్ల తరబడి అనుభవింపవలసియుండును. కాబట్టి ఈ పైరునందు లాభనష్టములు చాలవరకు నాటుటకు ముందే నిశ్చయమైపోవును.

1. ఏటేట నాటని పైరు

జొన్న, సజ్జ, మొక్కజొన్న మొదలగునవి విత్తిన యేడే పండి చచ్చును. మొక్క సంపాదించిన బలము చాలవరకు గింజలోనికి పోవును. బహువార్షికపు గడ్డి అట్లుగాక, కోసిన పిమ్మట దుబ్బునుండి మరల పిలకలువేసి పెరుగును. దున్నకము, విత్తనము, నాట్లు అనువాని వ్యయము మొదటి యేటనే యుండును. వేరులు సంవత్సరము పొడుగున నేలను పట్టియుండుటచేత వానకు మన్ను కొట్టుకొనిపోదు.

మఱియొక గుణము కలదు. చలిదేశపు గడ్డిజాతులలో కొన్ని, పెరుగుదల ముగిసి ఎండు కాలమున, ఆకులలోను కాడలలోను ఉన్న నత్రజనిని, పొటాషియమును కొంతవరకు వేరులోనికిని దుబ్బులోనికిని దింపుకొని మరుసటి యేటికై దాచుకొనును. అట్లు దింపుకొన్న పిమ్మట ఎండుగడ్డిని కోసినచో పొలమునుండి పోవు సారము తక్కువ. పచ్చిగా నున్నపుడే కోసినచో ఆ సారమంతయు గడ్డితో కూడ వెళ్లిపోవును. ఈ భేదమును రైతులు జ్ఞాపకముంచుకొనవలయును. దీని లెక్క ముందు చెప్పబడును.

2. మన పొలములలోని చుట్టములు

ఇంధనమునకై లోకమున పెంచుచున్న గడ్డిజాతులలో మూడు ముఖ్యములు. పేరులు క్రొత్తవైనను వాని చుట్టములు మన రైతునకు చిరపరిచితములు. అమెరికాలోని స్విచ్‌గ్రాసు మన సామ, వరిగలు చేరిన ప్రజాతికే చెందినది. జపాను మొదలగు తూర్పుదేశముల మిస్కాంథసు చెఱకునకును రెల్లునకును దగ్గఱి బంధువు. ఆఫ్రికాయందలి నేపియరు గడ్డి మన సజ్జతో సంకరమగునంతటి సమీపపు జాతి.

అడవిగడ్డిని సాగుజాతితో కలిపి మేలురకమును తీయుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. 1912వ సంవత్సరమున కోయంబత్తూరున చెఱకు పరిశోధనాలయము స్థాపింపబడినది. అందు బార్బరు, టి. యస్. వెంకట్రామన్ అను శాస్త్రజ్ఞులు రెల్లుగడ్డి పుప్పొడిని మేలిచెఱకుపై వేసి సంకరము చేసిరి. అట్లు పుట్టిన కో-205 అను రకము 1918లో బయటికి వచ్చినది. తీపి తల్లిజాతినుండియు, మొండితనము రెల్లునుండియు దానికి సంక్రమించినవి. ఇప్పుడు ఇంధనపు చెఱకును తయారుచేయువారు అదే మార్గమున పోవుచు, రెల్లు పాలును పెంచి, తీపి తగ్గినను పీచు అధికముగా నుండునట్లు చేయుచున్నారు.

3. స్విచ్‌గ్రాసు: ఏరి తీయు పద్ధతి

1930వ దశకమున అమెరికా మధ్యభాగపు మైదానములలో వానలు తప్పి, గోధుమకై దున్నిన నేల దుమ్మై గాలికి లేచిపోయెను. ఆ బయళ్లను మరల గడ్డితో కప్పుటకై అక్కడి వ్యవసాయశాఖవారు నాటుగడ్డి విత్తనములను పలుచోట్లనుండి సేకరించిరి. అందు స్విచ్‌గ్రాసు ఒకటి. చిరకాలము అది మేతగడ్డిగానే యుండెను. 1984 మొదలు అమెరికా ఇంధనశాఖవారు ముప్పదికి పైబడిన గడ్డి, ఆకుజాతులను పలు రాష్ట్రములలో నాటించి పరీక్షించి, 1991లో దీనిని ఆదర్శపు ఇంధనపైరుగా ఎన్నుకొనిరి. అది విత్తనముతో వేయదగినదగుట, రైతుకడ నున్న పనిముట్లతోనే సాగగుట, సారము తక్కువగు నేలలోను నిలుచుట ఇందులకు కారణములు.

ఈ గడ్డి పుష్పము తన పుప్పొడితో తాను గింజ కట్టదు. వేఱొక మొక్క పుప్పొడి గాలితో రావలయును. అందువలన ఒకే మడిలోని మొక్కలలో ఏ రెండును సరిగా ఒక్కటివలె నుండవు. ఈ భేదములే శాస్త్రజ్ఞునకు పెట్టుబడి. అతడు వేలకొలది మొక్కలను ఎడమెడముగా నాటి, రెండు మూడేండ్లు ఒక్కొక్కదానిని కోసి తూచి, మేలైనవానిని మాత్రము నిలుపును. వానిని వేఱుగా ఒకచోట నాటి, తమలో తాము సంపర్కము పొందనిచ్చి, ఆ గింజను మరల విత్తి, మరల ఏరును. ఇట్టి యొక యావృత్తికే నాలుగైదేండ్లు పట్టును. మనుష్యుని ఉద్యోగకాలములో ఇవి కొలదిగా మాత్రమే జరుగగలవు. క్రొత్త రకము త్వరగా రాకపోవుటకు ఇది కారణము.

ఇందు మెట్టరకములు, పల్లపురకములు అని రెండు తెగలు కలవు. మెట్టరకము సన్ననిది, చలికి ఓర్చునది. పల్లపురకము దక్షిణపు నదీతీరములది. పొడవుగా, లావుగా పెరిగి ఎక్కువ దిగుబడి నిచ్చును గాని ఉత్తరపు చలికి చచ్చును. నెబ్రాస్కా రాష్ట్రమున లింకను నగరములోని శాస్త్రజ్ఞులు కాన్లో అను పల్లపురకమును, సమ్మరు అను మెట్టరకమును సంకరముచేసి, ఆ సంతతిని చలిలో విడిచి, బ్రతికినవానిలో దిగుబడి గలవానిని పలుమారులు ఏరి, లిబర్టీ అను రకమును తీసిరి. పూర్వపు మేతరకములకన్న అది ఎకరమునకు సుమారు 2 టన్నుల ఎండుగడ్డిని అధికముగా నిచ్చినట్లు అచ్చటి ప్రయోగములలో తేలినది.

పరిశోధన క్షేత్రములోని దిగుబడి వేఱు, రైతు పొలములోని దిగుబడి వేఱు. ఆ సంస్థవారే నెబ్రాస్కా, దక్షిణ డకోటా, ఉత్తర డకోటా రాష్ట్రములలోని పదిమంది రైతుల పొలములలో ఐదేండ్లు లెక్క వ్రాసి 2008లో ప్రకటించిరి. ఎకరమునకు సంవత్సరమునకు సుమారు 2 టన్నులు మొదలు నాలుగున్నర టన్నులవరకు ఎండుగడ్డి వచ్చినది. సాగునకును ఇంధనము తయారీకిని ఖర్చగు శక్తికన్న దానినుండి తీయదగు శక్తి అనేక రెట్లు అధికమని వారు లెక్క కట్టిరి. పొలమునకును పొలమునకును నడుమ దిగుబడి రెట్టింపు భేదపడుట రైతు ముఖ్యముగా గమనింపవలసినది.

స్విచ్‌గ్రాసును మన రైతులు నాటవలయునని ఇచ్చట చెప్పుటలేదు. ఒక దేశపు చలికి, ఆ దేశపు పగటి నిడివికి కుదిర్చిన రకము మఱియొక దేశమున అట్లే పండదని తెలియుటకే ఈ వృత్తాంతము. పగలు తగ్గుటను బట్టి పూతకువచ్చు గడ్డి చోటు మారినచో, పూతకాలము మారి దిగుబడియు మారును.

4. మిస్కాంథసు: ఒక్క మొక్క సంతతి

1935వ సంవత్సరమున ఆక్సెల్ ఓల్సెన్ అను డెన్మార్కు దేశస్థుడు జపానులోని యోకొహామానుండి ఒక గడ్డిమొక్కను అందము కొఱకు తనదేశమునకు తెచ్చెను. అది రెండు జాతుల సంకరము. ఒకదానినుండి 38, మఱియొకదానినుండి 19 వంతున మొత్తము 57 క్రోమోజోములు దానియందు కలవు. క్రోమోజోములు సరిజోడుగా కుదురనందున అది గింజ కట్టదు. దుంపవేరును ముక్కలుచేసి నాటుటయే దానిని వృద్ధిచేయు మార్గము. ఐరోపాలోను అమెరికాలోను ఇంధనమునకై పెంచిన మిస్కాంథసులో అధికభాగము ఈ సంకరమే.

గింజ లేకుండుటవలన లాభము కలదు. అది పొలము దాటి కలుపుగా వ్యాపింపదు. గింజకు పోవలసిన బలము కాడకు చేరును. నష్టమును కలదు. దుంపముక్కలు తవ్వి, తరలించి, నాటుటకు వ్యయమధికము. వేల ఎకరములయందు ఒక్కటే మొక్కయొక్క ముక్కలున్నందున, దానికి తగులు తెగులు వచ్చినచో అన్నియు ఒక్కమారే తగుల్కొనవచ్చును. ఈ కారణముచేతనే వేల్సు దేశములోని అబెరిస్ట్విత్ విద్యాపీఠమువారు తూర్పు ఆసియానుండి నాటుజాతులను తెప్పించి, విత్తనముతో వేయదగిన క్రొత్త సంకరములను తయారుచేయుచున్నారు.

5. సజ్జ నేపియరు సంకరము

మన ప్రాంతమునకు ముఖ్యమైనది ఇదియే. ఆఫ్రికాలోని నాటుగడ్డియగు నేపియరు 20వ శతాబ్దపు మొదటి భాగమున మన దేశమునకు వచ్చినది. దిగుబడి మిక్కుటము, దుబ్బు చిరకాలముండునది. కాని కాడ గట్టిది, ఆకు గరుకు. సజ్జ ఏకవార్షికము, కాని ఆకు మెత్తనిది, పశువులకు ఇష్టమైనది. ఈ రెంటిని కలిపిన సంకరము 1953లో కోయంబత్తూరునను, తరువాత 1961లో పూసా జయంట్ అను పేర ఢిల్లీలోని పరిశోధనాలయమునను వెలువడినది. పిమ్మట కోయంబత్తూరునుండి కో-4, కో-5 అను రకములును, హైదరాబాదు రాజేంద్రనగరునుండి ఏ.పి.బి.యన్.-1 అను రకమును వచ్చినవి.

సజ్జకు 14, నేపియరునకు 28 క్రోమోజోములు. సంకరమునకు వానిలో సగము సగము, అనగా 7ను 14ను కలిసి 21 వచ్చును. మిస్కాంథసువలెనే ఇదియు గింజ కట్టదు. కావున రెండు కణుపుల ముచ్చెలుగాగాని, వేరుతోకూడిన పిలకలుగాగాని నాటవలయును. ఈ గడ్డి విత్తనమని పొట్లములు కట్టి అమ్మువాడు వచ్చినచో రైతు అతనిని నమ్మరాదు. అది సంకర నేపియరు కాదని తెలిసికొనవలయును.

తెలియవలసిన ముఖ్యవిషయము మఱియొకటి. పైన చెప్పిన సంకరములన్నియు పశువుల మేతకై ఏరినవి. ఇంధనమునకై ఏరినవి కావు. మెత్తదనము, మాంసకృత్తులు, త్వరగా చిగుర్చుట అను గుణములను చూచి ఏరిరి. ఇంధనమునకు అవియే గుణములు కావలయునాయను ప్రశ్న తరువాతి భాగమున విచారింపబడును.

6. ఏ పనికి ఏ గుణము

గడ్డిని ఇంధనముగా వాడు విధములు ముఖ్యముగా రెండు. ఒకటి ఎండబెట్టి కాల్చుట. రెండవది గోబరుగ్యాసు తొట్టిలోవలె గాలి చొరకుండ మురుగబెట్టి వాయువు తీయుట. ఈ రెంటికి కోరదగిన గుణములు ఒండొంటికి విరుద్ధములు.

కాల్చుటకు గడ్డి ఎండినది, కాడ ఎక్కువ, ఆకు తక్కువ, బూడిద తక్కువ ఉండవలయును. పొటాషియము, క్లోరిను అధికముగా నున్న గడ్డిని కాల్చిన, బూడిద కరగి గడ్డకట్టి పొయ్యి గోడలకు అంటుకొని, యంత్రమును పాడుచేయును. అందుచేతనే చలిదేశములవారు గడ్డి ఎండి సారము వేరునకు దిగిన పిమ్మట సంవత్సరమునకు ఒక్కమారు కోయుదురు. బాగుగా ఎండిన గడ్డి వేడి, మన దేశపు సామాన్యపు బొగ్గు వేడికి ఇంచుమించు సమానము. కాని అది తేలికయు, వదులుగా నుండునదియు గావున, అంతే తూకమునకు అనేకరెట్ల బండ్లును, కొట్టములును కావలయును.

మురుగబెట్టుటకు ముదురుగడ్డి పనికిరాదు. కాడను గట్టిపరచు లిగ్నిను అను పదార్థమును తొట్టిలోని సూక్ష్మజీవులు జీర్ణింపలేవు. లేతగడ్డియైన వాయువు సులభముగా వచ్చును. కాని లేతగా కోసినకొలది దిగుబడి తగ్గును, సారము ఎక్కువగా పోవును. కావున మిక్కిలి లేతయు మిక్కిలి ముదురును గాని నడుమకాలము చూచి కోయవలయును. లిగ్నిను తక్కువగు రకములను పుట్టింపగూడదాయని అడుగవచ్చును. స్విచ్‌గ్రాసునందు అట్లు ఏరగా, కొన్ని సంతతులలో చలిని తట్టుకొను శక్తి తగ్గినది. ఒక గుణమును లాగిన వేఱొకటి జారుట గడ్డి సంకరములయందు సామాన్యము. సర్వగుణసంపన్నమైన రకము కలదని చెప్పు ప్రకటనలను రైతు ఇందుచేతనే అనుమానింపవలయును.

7. తెగుళ్లు

చెఱకు పండించు రైతు ఎఱ్ఱకుళ్లు తెగులు ముచ్చెలతో కూడ పొలమునకు వచ్చునని ఎఱుగును. నేపియరునకును ఇదియే ధర్మము. కెన్యా దేశమున నేపియరు పాడిరైతుల ప్రధానమైన మేత. అచ్చట కాటుక తెగులును, మొక్కను గిడసబార్చు తెగులును వ్యాపించి మిక్కిలి నష్టము కలిగించినవి. రెండవదానిని కలిగించు సూక్ష్మజీవి, మన నువ్వుపైరులోని వెఱ్ఱితెగులును కలిగించు తరగతికి చెందినది. ఒక రైతు మఱియొక రైతునకు స్నేహపూర్వకముగా ఇచ్చిన ముచ్చెలతోనే ఈ తెగుళ్లు ఊరూర తిరిగినవి. తరువాత అచ్చటి శాస్త్రజ్ఞులు కాటుక తెగులునకు లొంగని కాకమేగా-1 అను రకమును ఏరి యిచ్చిరి.

మన రైతులు గ్రహింపవలసినది యేమనగా, ఊరంతటికి ఒక్కరకమునే వేయరాదు. తెగులులేని తోటనుండియే ముచ్చెలు తీయవలయును. గిడసబారిన దుబ్బును, పసుపుపచ్చబారిన దుబ్బును కనబడిన వెంటనే పెరికి కాల్చివేయవలయును.

8. తూకపు లెక్కయు, నేల లెక్కయు

నీటివసతి గలచోట సంకర నేపియరు ఎకరమునకు సంవత్సరమునకు 100 టన్నులకు పైగా పచ్చిగడ్డి నిచ్చునని వినిన రైతునకు ఆశ కలుగుట సహజము. కాని పచ్చిగడ్డిలో ఐదింట నాలుగుపాళ్లు నీరే. 100 టన్నులలో ఇంధనమునకు పనికివచ్చు ఎండుపదార్థము సుమారు 20 టన్నులు మాత్రమే. 4 టన్నులు పట్టు ట్రాక్టరు బండితో తోలిన 25 తడవలు కావలయును. అందు 20 తడవలు నీటినే మోసినట్లు. కర్మాగారము దూరమైనకొలది ఈ నీటికూలి రైతు లాభమును మింగును. కావున వెల పచ్చితూకముపైనా, ఎండుతూకముపైనా, కోత కూలి యెవరిది, తోలుబడి యెవరిది యను సంగతులు ముందుగా తేల్చుకొనవలయును.

ఇక నేల లెక్క. 20 టన్నుల ఎండుపదార్థమున నూటికి ఒక పాలు మాత్రమే నత్రజని కలదనుకొనినను, ఎకరమునుండి ఏటికి 200 కిలోల నత్రజని పోవును. దానిని యూరియా రూపమున తీర్చవలయుననిన 45 కిలోల బస్తాలు దాదాపు పది కావలయును. పొటాషియము, భాస్వరము దీనికి అదనము. బీడునేలలో ఎఱువు లేకయే ఏండ్ల తరబడి పండునను మాట ఈ లెక్క ముందు నిలువదు.

అయితే దీనికి ఉపాయము కలదు. తొట్టిలో గడ్డి మురుగునపుడు వాయువుగా పోవునది బొగ్గుపులుసు, మీథేను మొదలగునవి. నత్రజని, భాస్వరము, పొటాషియము చాలవరకు అడుగున మిగులు బురదయందే యుండును. ఆ బురద మరల పొలమునకు వచ్చినచో నేల బీదవడదు. గడ్డిని అమ్ము రైతు తన గడ్డికి తగిన పాలు బురదను ఉచితముగానో, తక్కువవెలకో తిరిగి పొందు షరతును కరారునామాలో వ్రాయించుకొనవలయును. గడ్డిధరను గూర్చి బేరమాడి బురదను మఱచినవాడు తన పొలముసారమును ఊరక ధారపోసినవాడగును.

నేలను గూర్చి మఱియొక మాట. నేపియరు అధికముగా నీరు త్రాగు పైరు. కాని దుబ్బుచుట్టు నీరు నిలిచినచో సహింపదు. నీరు లేని చల్కనేలలో అది బ్రతుకవచ్చును గాని ప్రయోగక్షేత్రపు దిగుబడి నీయదు. నీరుగల మంచి మాగాణిలో వేసినచో ఇంటి గింజలకు, పశువుల మేతకు చోటు తగ్గును. ఈ రెండు చిక్కుల నడుమ తన భూమి ఎందు చేరునో రైతు తానే నిర్ణయింపవలయును.

9. కొనువాడు నిలుచునా

2015వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున, నెవాడా అను ఊర, డ్యూపాంట్ అను సంస్థవారు మొక్కజొన్న చొప్పనుండి మోటారు ఇంధనమును తీయుటకై పెద్ద కర్మాగారమును తెఱచిరి. చుట్టుపట్ల రైతులు చొప్పను అమ్మ నొడంబడిరి. సుమారు రెండేండ్లకే, 2017లో, ఆ సంస్థవారు ఆ పనిని మానుకొనిరి. 2018లో వెర్బియో అను జర్మను సంస్థవారు దానిని కొని, చొప్పనుండి వాయువు తీయు కర్మాగారముగా మార్చిరి.

ఇందు రైతులకు కలిగిన నష్టము మితమైనది. ఏలయన, వారి పైరు మొక్కజొన్న. చొప్ప దాని వెంట వచ్చునది. కొనువాడు పోయినను గింజ మిగిలెను. ఇంధనమునకై మాత్రమే గడ్డి నాటిన రైతునకు అట్టి రెండవ ఆధారము లేదు. ఈ దృష్టితో చూడగా సజ్జ నేపియరు సంకరమున ఒక మేలు కలదు. కర్మాగారము మూతపడినను ఆ గడ్డి పశువులకు మేతయగును. కావున కేవలము కాల్చుటకు పనికివచ్చు గట్టిరకముకన్న, మేతకును వాయువునకును రెంటికి పనికివచ్చు రకము, దిగుబడి కొంచెము తక్కువైనను, చిన్నరైతునకు క్షేమకరము.

10. నాటుటకు ముందు చేయవలసినవి

మొదటిది, ఒక్క గుంటలో పరీక్ష. రెండు మూడు రకముల ముచ్చెలు తెచ్చి, వరుసకు వరుసకు రెండడుగుల ఎడముంచి, ఒక్కొక్క గుంటలో నాటి, రెండేండ్లు చూడవలయును. గట్టుప్రక్క దుబ్బులకు గాలి, వెలుతురు, సారము అధికముగా దొరకును గాన అవి ఏపుగా పెరుగును. వానిని చూచి మోసపోరాదు. ఒంటిగా నాటిన మొక్కను చూచి ఏరినచో, ఒత్తుగా నాటిన పొలమున అది అట్లే పండదని శాస్త్రజ్ఞులును అనుభవమున గ్రహించిరి. నడిమి వరుసల గడ్డిని మాత్రము తూచి, వచ్చిన తూకమును గుంట లెక్కకు తెచ్చి, 40తో హెచ్చింపవలయును.

రెండవది, ఎండుతూకము. ప్రతి కోతయందు ఒక కిలో పచ్చిగడ్డిని సన్నగా నఱికి, తూకము ఇక తగ్గనంతవఱకు ఎండబెట్టి తూచి వ్రాసి యుంచవలయును. కొనువాడు చెప్పు లెక్కను సరిచూచుటకు రైతుచేతిలోని కొలబద్ద ఇదియే.

మూడవది, ముచ్చెల పుట్టుక. రకము పేరేమి, ఏ పరిశోధన కేంద్రమునుండి వచ్చినది, మేతకై ఏరినదా, ఇంధనమునకై ఏరినదా, ఎన్నియేండ్లు ఏయే జిల్లాలలో పరీక్షింపబడినది అని అడుగవలయును. ఒక్క యేటి దిగుబడి చూపువానికి, దుబ్బు నాలుగవ ఏట, ఐదవ ఏట ఎంత యిచ్చినదని ప్రశ్న వేయవలయును. బహువార్షికపు పైరునకు తుదియేండ్ల దిగుబడియే నిజమైన పరీక్ష.

నాలుగవది, కరారునామా. గడువెంత, వెల యెట్లు పెరుగును, కొనువాడు మానినచో నష్టపరిహారమేమి, బురద ఎవరిది, గడువు తీరిన పిమ్మట దుబ్బులు పెకలించి నేలను బాగుచేయు వ్యయము ఎవరిది యను ఐదు సంగతులు వ్రాతమూలముగా నుండవలయును. భూమిని కౌలుకిచ్చువారికి ఈ కడపటి సంగతి మఱింత ముఖ్యము. నోటిమాట సంవత్సరమునకు నిలుచునేమో గాని పదేండ్లకు నిలువదు.

ఐదవది, హద్దు. తనకున్న భూమిలో ఎంత పాలు ఈ గడ్డికి విడువవలయునో ముందుగా నిర్ణయించుకొని, ఇంటి తిండికిని పశువుల మేతకును వలసిన భూమిని ముట్టకుండవలయును.

గడ్డి మేలురకమును తీయుటకు శాస్త్రజ్ఞుడు పది, ఇరువది ఏండ్లు ఓపికతో నాటి, తూచి, ఏరును. దానిని తన పొలమున పదేండ్లు నిలుపబోవు రైతు రెండేండ్లు ఒక గుంటలో తూచి చూచుట ఆలస్యముగా నెంచరాదు. అట్లు తూచి చూచిన రైతు, కొనవచ్చినవానితో మాటలాడునపుడు తన లెక్క తానే చెప్పగలడు.